గౌస్ మాస్టర్ పద్దెనిమిది నిమిషాలు

పటాన్‌చెరులో పెళ్లి బరాత్‌కు బ్యాండు మేళం కావాలంటే ఒకప్పుడు అందరూ చూపించే ఇల్లు ఒకటే, గౌస్ మాస్టర్ ఇల్లు. ఇప్పటికీ ఆ ఇల్లే చూపిస్తారు. కాకపోతే చూపించిన చెయ్యి దించకముందే "మనిషి మంచోడే గనీ, జెర తిక్క" అని ఒక మాట కలుపుతారు. ఆ మాట అబద్ధమని వాదించడానికి ఇక్కడ ఎవరూ బయలుదేరలేదు. తిక్క ఉన్న మాట నిజమే. అది ఆయనకు ఎక్కడ పట్టుకుందో, పట్టుకుని ఎక్కడి దాకా తీసుకుపోయిందో చెప్పుకుందాం.

ఆ మేళం పెట్టింది గౌస్ తండ్రి ఖాదర్ సాబ్. పదకొండు మంది మనుషులు, ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. పదకొండు మందిలో ఒక్కరికీ సంగీతం రాయడం, చదవడం తెలియదు. సినిమా పాట రేడియోలో రెండుసార్లు వింటే మూడోసారి వాయించేసేవారు. చదువు లేదు గానీ కట్టుబాటు మాత్రం మిలిటరీ వాళ్లకు తీసిపోదు. మాస్టరు చేతిలో వెండిపూత పూసిన కర్ర ఉంటుంది. కర్ర లేస్తే బరాత్ ఆగాలి, మేళం మోగాలి, పెళ్లివారు ఎగరాలి. కర్ర దిగి మాస్టరు చేతులు రెండూ కిందికి వాలాయంటే వాయించడం ఆపి, వరుస చెదరకుండా తర్వాతి చౌరస్తా దాకా నడవాలి. జనం కేకల్లో మాట వినపడదు కాబట్టి కర్రే మాట. "మేళం చెవులతోని వినదు బేటా, కండ్లతోని వింటది," అని ఖాదర్ సాబ్ కొడుక్కి పదో ఏటనే చెప్పాడు.

గౌస్ మేళాన్ని నమ్ముకుని కూర్చోలేదు. ఇరవై రెండో ఏట పాశమైలారంలో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా రాగితీగ చుట్టే మిషను ముందు నిలబడాలి. దాన్ని జనరల్ షిఫ్టు అంటారు. పెళ్లిళ్ల రోజుల్లో షిఫ్టు దిగి, చేతులు కడుక్కుని, ఎర్ర కోటు తొడుక్కునేవాడు. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు సెక్షన్లో కర్దనూర్ మల్లయ్య పనిచేసేవాడు. మేళంలో క్లారినెట్ అతనిదే. అందరికన్నా ముందు వరుసలో ముందు మనిషి. పగలంతా అట్టపెట్టెలు కట్టే ఆ మోటు చేతులు క్లారినెట్ మీద పడగానే ఎలా మెత్తబడేవో చూసినవాళ్లకే తెలియాలి.

తండ్రి కర్ర గౌస్ చేతికి వచ్చాక, ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో ఒకసారి ఈ మేళాన్ని వాయించమన్నారు. వాయించారు. దిగగానే క్వాలిటీ సెక్షను ఆఫీసరు కామేశ్వరరావు గారు గౌస్‌ను పక్కకు పిలిచారు. కాకినాడ నుంచి వచ్చిన మనిషి, పెళ్లి లేదు, క్వార్టర్సులో ఒంటరిగా వయొలిన్ వాయించుకుంటాడని అందరూ వింతగా చెప్పుకునేవారు.

"రెండో చరణంలో ఆ ట్రంపెట్‌ను ఆపేసి, క్లారినెట్ ఒక్కటే వదిలావు చూడు, అది నీకెవరు చెప్పారయ్యా?" అని అడిగారు.

"ఎవరు చెప్పలే సార్. గట్ల ఉంటే బాగుంటదనిపించింది."

"ఆదివారం మా క్వార్టర్స్‌కి రా. నీకు రాయడం నేర్పుతాను."

రెండేళ్లు ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. అయిదు గీతల మీద చుక్కలు పెట్టడం, చుక్కలు చూసి గొంతులో పాడుకోవడం గౌస్‌కు వచ్చేసింది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. ఒక ఆదివారం కామేశ్వరరావు గారు నాలుగు క్యాసెట్లు చేతిలో పెట్టి, ఇవి పాశ్చాత్య దేశాల్లో ఈ కాలపువాళ్లు రాస్తున్న సంగీతం, విని చెప్పమన్నారు.

గౌస్ ఇంటికి తెచ్చి పెట్టాడు. ఒక గీకుడు. కాసేపు ఏమీ లేదు. ఎవరో పియానో మీద గిన్నె జారవిడిచిన చప్పుడు. మళ్లీ ఏమీ లేదు. టేపు రికార్డరు విప్పి, దూదికి స్పిరిటు అద్ది తుడిచి, మళ్లీ పెట్టాడు. అదే గీకుడు, అదే గిన్నె. కొత్తగా కాపురానికి వచ్చిన కుల్సుమ్ వంటింట్లోంచి తొంగిచూసి, "యే గానా కబ్ షురూ హోతా జీ?" అని అడిగింది. పాట ఎప్పుడు మొదలవుతుందని పాపం ఆమె ప్రశ్న. మరుసటి ఆదివారం గౌస్ క్యాసెట్లు తిరిగి తీసుకుపోయి, "సార్, మీ టేపులు ఖరాబైనయ్," అన్నాడు.

కామేశ్వరరావు గారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "టేపులు బాగానే ఉన్నాయయ్యా. చెవులు అలవాటు పడాలి."

"అలవాటు పడితే ఏమైతది సార్?"

"అది నాకూ సరిగ్గా తెలీదు. ఇరవై ఏళ్ల నుంచీ వింటున్నాను. ఒక్కోసారి ఒళ్లు జలదరిస్తుంది. ఒక్కోసారి వీడు నన్ను వెక్కిరిస్తున్నాడేమో అనిపిస్తుంది. ఏది ఎప్పుడో నాకు ఇంతవరకూ తేలలేదు."

గురువుకే తేలని దాన్ని శిష్యుడు తేల్చుకుంటానని బయలుదేరాడు. మూడు నెలలు అవే విన్నాడు. నచ్చిందా అంటే చెప్పలేడు, నచ్చలేదా అంటే మానలేడు. రోజూ షిఫ్టులో మిషను ముందు నిలబడితే ఆ మిషను కూడా ఏదో రాసిపెట్టినట్టే వాయిస్తోందనిపించేది. బుర్ర పాడైపోతున్నదేమోనని ఒక శుక్రవారం మసీదులో చాలాసేపు కూర్చుని వచ్చాడు. బయటికి రాగానే మెట్ల దగ్గర చెప్పులు తీసి కింద వేస్తున్న చప్పుళ్లు వినపడి, వాటిని కూడా లెక్క కట్టడం మొదలుపెట్టాడు. ఇక చేసేదేమీ లేదని అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాతి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. జనరేటరు కూడా అందుకోలేదు. ఏళ్ల తరబడి ఆగని మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో ఎవరూ ఎరగరు. అందరూ ఉన్నచోటే నిలబడిపోయారు. ఆ నిశ్శబ్దంలో, దూరంగా ప్యాకింగు వైపు నుంచి, ఒక సన్నని కూనిరాగం వచ్చింది. సినిమా పాట కాదు, బతుకమ్మ పాట కాదు, భజన కాదు. గొంతు ఎటు పోతే అటు పోతోంది. గౌస్ వెతుక్కుంటూ వెళ్లి చూస్తే మల్లయ్య! తలవంచుకుని పెట్టెకు పట్టీ బిగిస్తున్నాడు. మిషన్లు ఆగిపోయిన సంగతి కూడా అతను గమనించలేదు.

"ఏం పాటరా అది?" అన్నాడు గౌస్.

"ఏ పాట?" అన్నాడు మల్లయ్య అయోమయంగా.

గౌస్ ప్యాకింగు చీటీ ఒకటి లాక్కుని, దాని వెనక అయిదు గీతలు గీసి, చెవిలో ఉన్నంత వరకు చుక్కలు పెట్టుకున్నాడు. కరెంటు వచ్చేసరికి చీటీ నిండింది.

ఆ చీటీ నుంచి వెనక్కి అల్లుకుంటూ పోయి ఒక సంగీతం తయారుచేశాడు. పేరు కూడా వెతుక్కోలేదు, 'జనరల్ షిఫ్టు' అని పెట్టాడు. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. మొదటి పదమూడు నిమిషాలు మేళమంతా ఫ్యాక్టరీలా మోగుతుంది. ట్రంపెట్ల నోటికి గుడ్డ అడ్డం పెట్టి ఊదుతారు, పెద్ద డ్రమ్మును గోళ్లతో గీకుతారు. ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ ఉండదు, కరెంటు పోయినట్టు. చివరి నాలుగు నిమిషాలు క్లారినెట్ ఒక్కటే, మల్లయ్య కూనిరాగం. పదమూడు నిమిషాల రొద ఆ నాలుగు నిమిషాల కోసమే. రాసి, చెరిపి, మళ్లీ రాసి, ఇరవై ఏళ్లకు పైగా దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో రిటైరయ్యాడు. కుల్సుమ్ మాత్రం ఆయన బల్ల మీద వేళ్లతో లయ వేసినప్పుడల్లా అదే ప్రశ్న అడిగేది. పాట ఎప్పుడు మొదలవుతుంది?

ఆ మధ్యలో ఒకసారి ఆగలేక తప్పు చేశాడు. ఇంద్రేశంలో వెంచర్లు వేసిన బాపిరాజు గారని ఒక పెద్దమనిషి తన కూతురి పెళ్లికి ఈ మేళాన్ని కుదుర్చుకున్నారు. బరాత్ మంచి ఊపు మీద ఉండగా, గౌస్ రెండంటే రెండు నిమిషాలు 'జనరల్ షిఫ్టు' వాయించమని సైగ చేశాడు. మేళం మొహాలు చూసుకుని వాయించింది. ఎగురుతున్నవాళ్లు కాళ్లు ఎక్కడ వెయ్యాలో తెలియక ఆగిపోయారు. పెళ్లికొడుకు గుర్రం వెనక్కి తిరిగింది. బాపిరాజు గారు పరుగున వచ్చారు.

"ఏంటయ్యా గౌసూ ఇది? ఎవరన్నా పోయారా?"

"కొత్త మ్యూజిక్ సార్."

"శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే నీ ప్రయోగాలేంటి! పాట వాయించు, పాట!"

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టయింది. ఆ ఏడాది నుంచి బేరాలు తగ్గాయి. అదే ఏడాది ఊళ్లోకి డీజేలు కూడా వచ్చాయి. డీజేల వల్లే తగ్గాయని మేళంవాళ్లు అనేవారు. తన రెండు నిమిషాల వల్లే తగ్గాయేమోనని గౌస్‌కు అనుమానం. ఏది నిజమో ఎవరు చెప్పగలరు? ఆ అనుమానంతోనే పదేళ్లు గడిపాడు.

కామేశ్వరరావు గారు రిటైరై హైదరాబాదులో స్థిరపడ్డారు. ఎనభై దాటినా కొత్త సంగీతం ఎక్కడ వాయించినా చక్రాల కుర్చీలో హాజరు. అక్కడే ఆయనకు రవళి అనే అమ్మాయి పరిచయమైంది. ఏటా ఇలాంటి సంగీతాలతో ఉత్సవం పెట్టే అమ్మాయి. ఈ ఏడు పటాన్‌చెరు పక్కన మూతపడిన ఒక ఫ్యాక్టరీ షెడ్డును కిరాయికి తీసుకుని, అందులో పెడుతున్నదట. ఫ్యాక్టరీలో పుట్టిన సంగీతం ఉందని పెద్దాయన చెప్పగానే కారు వేసుకుని గౌస్ ఇంటికి వచ్చింది. కాగితాలు తిరగేసింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, "మాస్టర్, ఇన్నాళ్లూ ఇది ఎవరూ వాయించలేదా?" అంది. ఆ ఒక్క మాటకు గౌస్ మాస్టర్ కాగితాలన్నీ సర్ది ఆమె చేతిలో పెట్టేశాడు. డిసెంబరు పదిహేనున కార్యక్రమం.

చిక్కల్లా మల్లయ్య పళ్లతో వచ్చింది. క్లారినెట్ ఊదేవాడికి పై పళ్లే ఆధారం, వాటి మీదే వాద్యం ఆనుతుంది. మల్లయ్యకు షుగరు, చిగుళ్లు వదులైపోయాయి. ముందరి నాలుగు పళ్లూ తీసేయాలని సంగారెడ్డిలో డాక్టరు అప్పటికే రెండు తారీఖులు ఇచ్చాడు, రెండూ తప్పించుకున్నాడు. ఇక ఆగితే దవడకు పాకుతుందని మూడోది డిసెంబరు పదిహేడు ఖాయం చేశాడు.

"పదిహేను దాకా ఆగుతయా?" అన్నాడు గౌస్.

"ఆపుత," అన్నాడు మల్లయ్య. "నీ నాలుగు నిమిషాలు ఊది, వాటికి సలాం చెప్త."

అంటే ఆ కూనిరాగాన్ని దాని సొంతదారు నోటి నుంచి లోకం వినడానికి మిగిలింది ఒక్క రోజు. పదిహేను దాటితే ఇక లేదు. ఈ సంగతి ఇద్దరికే తెలుసు, మేళంలో మిగతావాళ్లకు చెప్పలేదు.

ఆదివారాలు గౌస్ ఇంటి డాబా మీద చాపలు పరుచుకుని సాధన చేశారు. మేళంలో ఇప్పుడు ఆటోలు నడిపేవాళ్లున్నారు, కిరాణా కొట్టువాడున్నాడు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. పాపం అందరూ తలలు పట్టుకున్నారు. పెద్ద డ్రమ్ము వాయించే వెంకటేశం ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"మాస్టర్, గిది మేం తప్పు వాయిస్తే ఎట్ల తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"పక్కానా?"

గౌస్ పక్కా అన్నాడు గానీ, ఆ సాయంత్రమంతా ఆ ప్రశ్నే నమిలాడు. నిజంగా తెలుస్తుందా? ఇరవై ఏళ్లు రాసింది సంగీతమో, ఇరవై ఏళ్ల పిచ్చో తనకే తేలనప్పుడు తప్పేదో ఒప్పేదో ఏం తెలుస్తుంది? అయినా ఆఖరి నాలుగు నిమిషాలు మల్లయ్య మొదలుపెట్టేసరికి డాబా మీద అందరూ కిక్కురుమనకుండా కూర్చునేవారు. పళ్ల నొప్పికి సగంలోనే ఆపేసేవాడు. పూర్తిగా ఆ రోజే ఊదుతానని దాచుకున్నాడు.

పదిహేనో తారీఖు రానే వచ్చింది. షెడ్డు కడిగి, లైట్లు కట్టి, ఒకవైపు ఎత్తుగా చెక్కల వేదిక వేశారు. లారీలు సరుకు దించే వాలు ఒకటి వేదిక పక్క నుంచి కిందికి, జనం మధ్యగా, షట్టరు దాకా పోతుంది. హైదరాబాదు నుంచి మూడు వందల మంది దాకా వచ్చారు. నేత చీరలు, గడ్డాలు, మెల్లగా మాట్లాడే మనుషులు. ముందు వరుసలో కామేశ్వరరావు గారు. చివర ఒక కుర్చీలో నల్ల బురఖాలో కుల్సుమ్.

వేదిక మీద చేతులున్న కుర్చీలు వేశారు. వాటిలో వెంకటేశం డ్రమ్ముతో ఇమడలేకపోయాడు. ట్రంపెట్ల మోచేతులు తగిలాయి. "నిలవడి వాయిద్దాం మాస్టర్, మనకు అదే అలవాటు," అన్నాడు మల్లయ్య. నిజమే కదా అనుకుని గౌస్ కుర్చీలు తీయించాడు. ఎర్ర కోట్ల పదిమందీ వరుసగా నిలబడ్డారు, ముందు మల్లయ్య. గౌస్ తన తండ్రి కర్ర తీసుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఇన్ని ఆదివారాలూ కూర్చునే సాధన చేశామన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

కర్ర లేచింది. పదమూడు నిమిషాలు షెడ్డు నిజంగా షెడ్డయిపోయింది. రొద గోడలకు కొట్టుకుని రెట్టింపై వస్తుంటే, ఇది తాను రాసిందేనా అని గౌస్‌కు నమ్మకం కుదరలేదు. అందరూ సరిగ్గా వాయిస్తున్నారు. తప్పు ఎక్కడైనా దొర్లితే తనకు తెలుస్తోంది! వెంకటేశానికి చెప్పాలి అనుకున్నాడు. అంత సంతోషం ఆయన జీవితంలో లేదు. పదమూడో నిమిషం ముగిసింది. కర్ర దించాడు. రెండు చేతులూ కిందికి వాల్చి, మనసులో అరవై లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఏడో లెక్కకు మల్లయ్య అడుగు వేశాడు.

వెనక వరుస కదిలింది. కర్ర దిగింది, చేతులు వాలాయి, మేళం కళ్లతో వింది. నలభై ఏళ్లుగా విన్నదే వింది. వాయించడం ఆపి, వరుస చెదరకుండా, అడుగులో అడుగు వేస్తూ తర్వాతి చౌరస్తాకు బయలుదేరింది. గౌస్ పక్క నుంచే నడిచి పోయారు. చూపులు నేరుగా ముందుకు, వాద్యాలు ఛాతీకి ఆనించి, చప్పుడు లేకుండా వాలు దిగారు, జనం మధ్యలోంచి పోయారు, షట్టరు దాటి ఎండలోకి వెళ్లిపోయారు. 'ఆగుండ్రి' అని కేక వేయాలి. కానీ అది నిశ్శబ్దం కదా, తానే రాసిన నిశ్శబ్దం! తానే కేక వేసి చెడగొట్టాలా? నోరు తెరిచాడు, మూశాడు. లెక్క నలభై దగ్గర ఉందో యాభై దగ్గర ఉందో తప్పిపోయింది. ఖాళీ వేదిక మీద కర్ర పట్టుకుని, అత్తారింట్లో కొత్త అల్లుడిలా ఎటు తిరగాలో తెలియక నిలబడ్డాడు.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ఒకరు లేచారు, తర్వాత అందరూ లేచారు. కామేశ్వరరావు గారు చక్రాల కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నారు. రవళి వేదిక మీదికి పరుగెత్తుకొచ్చి గౌస్ రెండు చేతులూ పట్టుకుంది.

"మాస్టర్! ఆ నడక! కాగితాల్లో అది లేనే లేదు, నాకు కూడా చెప్పకుండా దాచారు కదా! కార్మికులు అలా మౌనంగా వెళ్లిపోవడం… నాకు మాటలు రావట్లేదు."

"అమ్మా, ఇంక నాలుగు నిమిషాలు ఉన్నది," అన్నాడు గౌస్. "వాళ్లు మర్చిపోయి పోయిండ్రు. జెర ఆగుమను అందర్ని. పిలుచుకొస్త."

రవళి చేతులు వదిలేసింది. "పొరపాటా?" అంది నెమ్మదిగా. వేదిక వెనక తర్వాతి బృందం అప్పటికే వయొలిన్లు శ్రుతి చేసుకుంటోంది. జనం లేచి టీ బల్లల వైపు కదులుతున్నారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "మాస్టర్, ఇప్పుడు వెనక్కి పిలిస్తే ఉన్నది కూడా పోతుంది. నన్ను తిట్టుకోండి, కానీ ఇంతకన్నా మంచి ముగింపు ఎవరూ రాయలేరు. దయచేసి ఎవరికీ చెప్పకండి."

గౌస్‌కు ఏం అర్థం చేసుకోవాలో తెలియలేదు. ఇరవై ఏళ్లు రాసింది వినకుండానే, రాయనిదానికి లేచి నిలబడ్డారు. సంతోషపడాలా? సిగ్గుపడాలా? కిందికి దిగగానే కామేశ్వరరావు గారు కొంకర్లు పోయిన వేళ్లతో చెయ్యి పట్టుకుని, "నడిపించాలని నీకెలా తట్టిందయ్యా?" అన్నారు. ఆయన దగ్గర అబద్ధం ఆడలేక ఉన్నది చెప్పేశాడు. పెద్దాయన కళ్లు తుడుచుకుని, "అయితే నేను దేనికి ఏడ్చానంటావు?" అని తిరిగి గౌస్‌నే అడిగారు.

బయట ఎండలో మేళం టీలు తాగుతోంది. ఏం జరిగిందో అందరికీ అప్పటికే తెలిసిపోయింది, ఎవరి తప్పని వాదించుకుంటున్నారు. మల్లయ్య ఒక్కడూ దూరంగా గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కుల్సుమ్ వెళ్లి అతని పక్కన నిలబడింది.

"కాళ్లు పోయినయ్ మాస్టర్," అన్నాడు మల్లయ్య. కళ్ల నిండా నీళ్లు. "కర్ర దిగింది, కాళ్లు పోయినయ్. నీ ఇరవై ఏండ్లు నేనే మట్టి జేసిన."

"నువ్వొక్కనివే నడిచినవా? అందరు నడిచిండ్రు."

"ముందు నేనే గదా."

ఉన్నట్టుండి క్లారినెట్ నోటికి పెట్టుకున్నాడు. గోడ వైపు తిరిగి ఊదడం మొదలుపెట్టాడు. ఆ నాలుగు నిమిషాలు. పార్కింగులో కార్లు తలుపులు వేసుకుంటున్నాయి, డ్రైవర్లు ఫోన్లు చూసుకుంటున్నారు. కుల్సుమ్ మొహం మీది ముసుగు పైకెత్తి వింది. నిమిషంన్నర పోయిందో లేదో రాగం వణికింది. గాలి పక్కకు పోయింది. మల్లయ్య మళ్లీ అందుకున్నాడు, మళ్లీ జారింది. గౌస్ చూస్తే నోటికి ఆనే రీడు మీద నెత్తురు. దగ్గరికి పోయి క్లారినెట్ మీద చెయ్యి వేశాడు.

"చాలురా," అన్నాడు. "ఇగ చాలు."

పదిహేడున నాలుగు పళ్లూ తీసేశారు.

నెల తిరక్కుండా బెంగళూరు నుంచి రవళి ద్వారా పిలుపు వచ్చింది. అక్కడి పెద్ద ఉత్సవంలో 'జనరల్ షిఫ్టు' వాయించాలి, నడకతో సహా. గౌస్ వారం రోజులు ఏ జవాబూ ఇవ్వలేదు. సంగారెడ్డిలో రాజశేఖర్ అనే కుర్ర క్లారినెట్ మాస్టర్ ఉన్నాడని తెలిసి పిలిపించుకున్నాడు. చుక్కలు చూసి చదవగలడు. ఆఖరి నాలుగు నిమిషాలు ఒక్క తప్పు లేకుండా ఊదాడు. ఇతన్ని పెట్టుకుంటే బెంగళూరులో పద్దెనిమిది నిమిషాలూ పూర్తిగా, రాసింది రాసినట్టు వినిపించవచ్చు. జీవితమంతా కోరుకున్నది అదే. మరి ఎందుకు సంతోషంగా లేదో ఆయనకు అంతుపట్టలేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టుంది.

ఆ రోజు తీసిన వీడియోను రవళి గౌస్ ఫోనుకు పంపింది. చూడటానికి ధైర్యం చాలక అన్నాళ్లూ తెరవలేదు. ఒక పొద్దున కుల్సుమే తెరిచి ఆయన ముందు పెట్టింది. కర్ర దిగింది. చేతులు వాలాయి. అప్పుడు, మల్లయ్య ఇంకా కదలకముందే, వెండి కర్ర పట్టుకున్న మనిషి కుడికాలు వెనక్కి ఒక అడుగు వేసింది. బరాత్‌లో మేళానికి దారి ఇస్తూ మాస్టరు వేసే అడుగు. గౌస్ మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ ముందు కదిలింది తన కాలే.

వెంటనే బండి తీసి కర్దనూర్ వెళ్లాడు. మల్లయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. బుగ్గలు లోపలికి పోయి పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. గౌస్ ఫోను అతని చేతికిచ్చి చూపించాడు.

"ముందు నేనే నడిచిన. సూడు."

మల్లయ్య చూశాడు. మళ్లీ చూశాడు. చాలా రోజులుగా బిగుసుకుని ఉన్న అతని భుజాలు సడలాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయినా ఇగ నన్ను ఇడిచెయ్ మాస్టర్," అన్నాడు. "రాజశేఖర్ మంచిగ ఊదుతడట గదా. ఆ నాలుగు నిమిషాలు అతనితోని పూర్తి జేయించు."

"ఆ నాలుగు నిమిషాలు తీసేసిన."

"ఏంది?"

"పదమూడు నిమిషాలు రాజశేఖర్ ఊదుతడు. తర్వాత నడుసుడే. గంతే, ఖతం."

మల్లయ్య గిన్నె కింద పెట్టాడు. ఇరవై ఏళ్ల కాగితాల సంగతి అతనికీ తెలుసు.

"మరి నా దగ్గరికెందుకొచ్చినవ్? నోట్ల పండ్లు లేనోన్ని ఏం జేసుకుంటవ్?"

"నడిసేటందుకు పండ్లెందుకురా?" అన్నాడు గౌస్ మాస్టర్. "కోటు ఉతికించుకో. ముందు నువ్వే ఉండాలె."